చీలమండ చదువు

అమెరికాలో అథ్లెటిక్ ట్రైనింగ్‌లో డిగ్రీ చదువుతానంటే ఇప్పుడు చదవనివ్వరు. బ్యాచిలర్స్ స్థాయిలో ఆ కోర్సే ఎత్తేశారు. 2015 మే నెలలో ఈ వృత్తిని నడిపించే సంస్థలన్నీ ఒక్కమాట మీదికొచ్చి, ఇకపై ఇందులోకి రావాలంటే మాస్టర్స్ ఉండాల్సిందేనని తేల్చాయి. 2022 ఫాల్ సెమిస్టర్ దాటాక బ్యాచిలర్స్‌లో కొత్తవాళ్లను చేర్చుకోకూడదని గడువు పెట్టాయి. గడువు దాటింది, తలుపు పడింది. అంటే ముందు నాలుగేళ్లు ఇంకేదో చదవాలి. ఆ పైన రెండేళ్లు ఇది చదవాలి. ఆ తర్వాత పరీక్ష రాయాలి. ఇవన్నీ అయ్యాక, ఇరవై నాలుగేళ్లు నెత్తిమీదికొచ్చాక, ఓ కుర్రాడి వాచిన చీలమండ మీద చెయ్యి వేయాలి. మా రోజుల్లో కాలేజీలో చేరిన మొదటి వారమే వేశాం.

ఈ మాట నలుగురిలో అంటే మా అక్కయ్య మనవరాలు మూతి తిప్పుతుంది. దానికి పదిహేడేళ్లు. హైస్కూల్లో సాకర్ ఆడుతుంది, అథ్లెటిక్ ట్రైనర్‌నవుతానంటుంది. "తాతయ్యా, మాస్టర్స్‌లో కూడా మొదటి సెమిస్టర్ నుంచే క్లినికల్ ఉంటుంది, ఊరికే అనకండి" అంటుంది. ఉంటుందమ్మా, కాదనను. కానీ అప్పటికి నీకు ఇరవై రెండు దాటతాయి. మాకు పద్దెనిమిదేళ్లకే చేతులు టేపు జిగురు వాసన కొట్టేవి.

ఇది చదివేవాళ్లలో సగంమంది ఈపాటికి "జిమ్ములో డంబెల్స్ ఎత్తించే ఉద్యోగం కాబోలు" అనుకుని ఉంటారు. మా చుట్టాలు ముప్పైయేళ్లుగా అదే అనుకుంటున్నారు. కాదు. క్రికెట్ మ్యాచ్‌లో ఎవరైనా తొడ పట్టుకుని కూలబడితే సంచీతో పరుగెత్తుకొచ్చే ఫిజియోను చూశారు కదా, అమెరికాలో కాలేజీ జట్లకూ, చాలా హైస్కూలు జట్లకూ అటువంటి మనిషి ఒకరుంటారు. డాక్టరు కాదు, కోచ్ కాదు. దెబ్బ తగలకుండా చూడటం, తగిలితే బెణికిందో విరిగిందో అక్కడికక్కడే తేల్చడం, ప్రాణం మీదికొస్తే అంబులెన్సు వచ్చేదాకా నిలబెట్టడం, ఆ తర్వాత నెలల తరబడి దగ్గరుండి వ్యాయామాలు చేయించి మళ్లీ ఆటకు అప్పజెప్పడం ఆ మనిషి పని. 2023 జనవరి 2న సిన్సినాటిలో ఫుట్‌బాల్ ఆడుతూ డమార్ హామ్లిన్ అనే బఫెలో బిల్స్ కుర్రాడు ఛాతీకి దెబ్బ తగిలి, గుండె ఆగి, మైదానంలోనే పడిపోయాడు. వెంటనే ఛాతీ నొక్కుతూ సీపీఆర్ చేసింది డెన్నీ కెలింగ్టన్ అనే అథ్లెటిక్ ట్రైనర్. కుర్రాడు బతికాడు, తర్వాత మళ్లీ ఆడాడు కూడా. ఆ వారం మాత్రం మా చుట్టాలు వరసబెట్టి ఫోన్లు చేసి "నువ్వు చేసిన ఉద్యోగం ఇదేనట్రా?" అని అడిగారు. వాళ్లకు తెలియడానికి అంత పెద్ద ప్రమాదం జరగాల్సి వచ్చింది.

మా నాన్నగారు గుంటూరు మెడికల్ కాలేజీలో చదివిన డాక్టరు. 1970ల చివర్లో ఇండియానా రాష్ట్రంలో ఓ చిన్న ఊరి ఆసుపత్రిలో చేరారు. ఇక్కడి డాక్టర్లు పట్నాలు వదిలి అలాంటి ఊళ్లకు వెళ్లేవాళ్లు కారు, మనవాళ్లు వెళ్లారు. తెనాలిలో ఏడో తరగతి అయ్యాక అమ్మా, అక్కయ్యా, నేనూ వచ్చి ఆయన్ను చేరుకున్నాం. డాక్టరు కొడుకు డాక్టరే కావాలని ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన అవసరం ఉందని ఎవరికీ తోచలేదు. 1987లో నేను మెడిసిన్ వైపు పోనని చెప్పిన పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. "సముద్రాలు దాటొచ్చి పుత్తూరు కట్టు కట్టే విద్య నేర్చుకుంటావట్రా?" అంది అమ్మ. అది తిట్టే. కానీ నాకు అంత తిట్టులా వినపడలేదు. పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్టు కట్టే కుటుంబాల మంచిచెడ్డల జోలికి ఇప్పుడు పోను. వాళ్ల పిల్లలు మాత్రం ఎముకల పేర్లు బట్టీపట్టాక రోగి దగ్గరికి రాలేదు. పెద్దవాళ్ల పక్కన కూర్చుని, గుడ్డపేలికలు అందిస్తూ, కళ్లతో చూసి, చేత్తో తడిమి నేర్చుకున్నారు. నేను చేరిన చదువూ అప్పటికి అలాగే నడిచేది.

ఇండియానా అంటే బాస్కెట్‌బాల్ పిచ్చి ఉన్న రాష్ట్రమని అందరికీ తెలుసు. ఈ వృత్తికి కూడా ఇక్కడ లోతైన వేళ్లున్నాయి. 1950లో కాన్సస్ సిటీలో జాతీయ అథ్లెటిక్ ట్రైనర్ల సంఘం పుట్టాక, దీనికొక చదువు ఉండాలని పట్టుబట్టినవాడు పర్డ్యూ విశ్వవిద్యాలయం ట్రైనర్ విలియం న్యూవెల్. అందరూ 'పింకీ' అనేవాళ్లు. 1959లో మొదటి పాఠ్యప్రణాళిక వచ్చింది. అందులో సగం హైస్కూలు వ్యాయామోపాధ్యాయుడి చదువే. ఎందుకంటే ఉత్త ట్రైనర్‌ను పెట్టుకునే స్తోమత ఏ బడికీ లేదు. పగలు పాఠం చెప్పేవాడే సాయంత్రం కట్టు కట్టాలి. 1969లో మొట్టమొదట గుర్తింపు పొందిన నాలుగు కాలేజీల్లో ఇండియానా స్టేట్ ఒకటి. 1970లో సర్టిఫికేషన్ పరీక్ష మొదలైంది. నేను చదువుతుండగానే, 1990లో, అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దీన్ని ఆరోగ్య వృత్తిగా ఒప్పుకుంది. ఆ వార్త కత్తిరించి నాన్నగారి టేబుల్ మీద పెట్టాను. ఆయన చదివి, మడిచి, ఏమీ అనకుండా జేబులో పెట్టుకున్నారు. తర్వాత ఆసుపత్రిలో అందరికీ చూపించారట.

అప్పట్లో రెండు దార్లుండేవి. గుర్తింపు పొందిన కోర్సున్న కాలేజీలో చదివితే 800 గంటల అనుభవం చాలు. అలాంటి కోర్సు లేని మాబోటి చిన్న కాలేజీ పిల్లలకు ఇంటర్న్‌షిప్ దారి. ఏ డిగ్రీ అయినా చదువుకోవచ్చు, చెప్పిన కొన్ని పాఠ్యాంశాలు అందులో ఉండాలి, సర్టిఫికేట్ ఉన్న ట్రైనర్ కళ్ల ముందు 1500 గంటలు పనిచెయ్యాలి. రోజూ గంటలు పుస్తకంలో రాసుకుని సంతకం పెట్టించుకోవాలి. ఈ రెండో దారిని 2004తో మూసేశారు. మొదటి దారిని ఇప్పుడు మూసేశారు. ఇప్పటి ప్రమాణాల్లో ఇన్ని గంటలని లెక్కే లేదు, ఏమేం చేతనవునో చూసి టిక్కు పెడతారు. ఆ టిక్కు కూడా ఫోన్లోనే పెడతారు.

ఆ 1500 గంటల్లో ఏం చేశామో చెబితే మా మనవరాలు నమ్మదు. ఆగస్టులో ఫుట్‌బాల్ వాళ్లకు రోజుకు రెండు పూటలా సాధన. పొద్దున అయిదున్నరకల్లా ట్రైనింగ్ రూము తెరవాలి. ఐసు మిషన్ దగ్గర నిలబడి పారతో ఐసు ఎత్తి కూలర్లు నింపాలి. హాట్ ప్యాకుల ట్యాంకులో నీళ్లు తగ్గాయేమో చూడాలి. కాగితపు కప్పుల్లో నీళ్లు పోసి ఫ్రీజర్లో పెట్టాలి, అవి గడ్డకట్టాక అంచు చింపి మోకాళ్ల మీద రుద్దడానికి. వర్ల్‌పూల్ తొట్టెలు కడగాలి, తువ్వాళ్లు మడవాలి. కాన్సస్‌లోని క్రేమర్ కంపెనీ వాళ్ల అటామిక్ బామ్ అని ఒక ఎర్రటి మంట మలాము ఉండేది. మూత తీస్తే గదంతా తెనాలిలో మా నాయనమ్మ అమృతాంజనం సీసా తీసినట్టుండేది. ముసలి కోచ్ ఒకాయన దాన్ని మెడకు పట్టించుకుంటే, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లోనే ఇంతకన్నా మంచిది పసుపురంగులో చేశారని చెప్పాను. ఆయనకు పంతులుగారెవరో తెలియదు గాని, అక్కయ్య ఇండియా నుంచి తెప్పించిన సీసా ఒకటిస్తే మరుసటి వారం ఇంకోటి అడిగాడు.

టేపు చుట్టడం మాత్రం ఊరికే చేతికి ఇచ్చేవాళ్లు కారు. ముందు తోటి పిల్లల కాళ్ల మీద. పాదాన్ని తొంభై డిగ్రీల్లో నిలబెట్టాలి. అంటుకునే స్ప్రే కొట్టి, మడమ వెనకా పాదం ముందూ వాజలీన్ రాసిన మెత్తలు పెట్టి, పల్చటి నురగ పట్టీ చుట్టి, పైన ఒకటిన్నర అంగుళాల తెల్లటి టేపు. పిక్క కింద రెండు యాంకర్లు. లోపలివైపు నుంచి మడమ కిందుగా బయటికి లాగే స్టిరప్పులు మూడు. ఎనిమిది అంకె ఆకారంలో ఒకటి. మడమను రెండు వైపుల నుంచీ బిగించే హీల్ లాకులు. ఇవి పడితే పని వచ్చినట్టు, పడకపోతే రానట్టు. ముడత పడితే బొబ్బ, బిగిస్తే వేళ్లు తిమ్మిరి, వదులైతే ఎందుకూ కొరగాదు. మా హెడ్ ట్రైనర్ ఆ కట్టు మీద బొటనవేలు ఒకసారి నడిపి, ఏమీ మాట్లాడకుండా కత్తెరతో చీల్చి చెత్తబుట్టలో వేసేవాడు. అంటే మళ్లీ చుట్టమని. రోల్ ఖరీదు గుర్తుచేసి తిట్టడం ఆ తర్వాత. అలా ఓ ఏడాది గడిస్తే చేతికి లెక్క తెలిసేది. అప్పుడు మాట్లాడుతూ, రేడియో వింటూ, రెండు నిమిషాలకో కాలు చుట్టేవాళ్లం.

"తాతయ్యా, ఆట మొదలైన అరగంటకే ఆ టేపు వదులైపోతుందని రిసెర్చ్ ఉంది, మా స్కూల్లో అందరూ లేసులున్న బ్రేసులే వేసుకుంటారు" అంటుంది పిల్ల. తెలుసమ్మా. టేపు వదులవుతుందని నేను పుట్టకముందే, 1960ల మొదట్లోనే రాశారు. బ్రేసు చవక, కడిగి మళ్లీ వాడుకోవచ్చు, ఎవరి సాయం లేకుండా వాళ్లే తొడుక్కోవచ్చు. నా గొడవంతా ఆ చివరి ముక్కతోనే. టేపు చుట్టించుకోవడానికి ఆటగాడు రోజూ నా బల్ల మీద కూర్చోవాలి. రెండు నిమిషాలు వాడి పాదం నా ఒళ్లో ఉంటుంది. నిన్న రాత్రి వాడు నిద్రపోలేదని ఆ రెండు నిమిషాల్లో తెలుస్తుంది. కోచ్‌తో గొడవపడ్డాడని, మోకాలు పట్టేస్తోందిగాని చెప్పడం లేదని, ఇంటి నుంచి మంచి కబురు రాలేదని తెలుస్తుంది. బ్రేసు తొడుక్కున్న కుర్రాడు నా గది గుమ్మం తొక్కకుండానే మైదానంలోకి పోతాడు. వాణ్ని నేను మొదటిసారి చూసేది వాడు పడిపోయాకే.

పడిపోయినవాణ్ని పరీక్షించడం పుస్తకంలో ఉంది. వాడు పడకముందు ఎలా నడిచేవాడో ఏ పుస్తకంలోనూ లేదు. నాలుగేళ్లు ఒకే జట్టు వెంట తిరిగితే వెనకనుంచి నడక చూసి ఎవడో చెప్పగలిగేవాళ్లం. ఎడమకాలు కొంచెం ఈడ్చేవాడు ఎవడు, మెట్లు దిగేటప్పుడు రెయిలింగు పట్టుకునేవాడు ఎవడు, నొప్పి లేకపోయినా మూలిగేవాడు ఎవడు, ఎముక విరిగినా మూలగనివాడు ఎవడు, అన్నీ తెలిసేవి. డిగ్రీ పిల్లలు ఆటగాళ్లతో ఒకే వయసువాళ్లు. ఒకే హాస్టలు, ఒకే మెస్సు, ఒకే బస్సు. డాక్టరుకు చెప్పనిది, కోచ్‌కు అసలే చెప్పనిది, మాకు బస్సులో చెప్పేవాళ్లు. ఇప్పుడు మాస్టర్స్ పిల్ల ఒక చోట కొన్ని వారాలు, ఇంకో చోట కొన్ని వారాలు తిరుగుతుంది. కొన్నాళ్లు హైస్కూలు, మరికొన్నాళ్లు సైన్యం వాళ్ల శిబిరం, తర్వాత ఆర్థోపెడిక్ క్లినిక్. నెలరోజులపాటు పూర్తిగా ఒకేచోట ఉండే ఇమ్మర్షన్ ఒకటి ఈ మధ్య పెట్టారు, అదొక్కటి నాకు నచ్చింది. మేం నాలుగేళ్లు అదే చేశాం, దానికి పేరే పెట్టలేదు.

మోకాళ్ల సంగతి చూడండి. మాకు గంట దూరంలోని ఇండియానాపొలిస్‌లో డొనాల్డ్ షెల్బర్న్ అనే సర్జన్ ఉండేవాడు. మోకాలి లోపలి ఏసీఎల్ లిగమెంటు తెగితే, ఆపరేషన్ చేశాక కాలు కదల్చకుండా వారాల తరబడి కట్టిపెట్టే రోజులవి. చెప్పినట్టు వినేవాళ్ల మోకాళ్లు బిగుసుకుపోతున్నాయని, మాట వినకుండా ముందే నడిచేసి, వంచేసినవాళ్లు బాగా కోలుకుంటున్నారని ఆయన గమనించాడు. 1990లో ఆ సంగతి రాసి, మొదటిరోజు నుంచే మోకాలిని నిటారుగా చాపించే కొత్త పద్ధతి తెచ్చాడు. ఈ రంగమంతా దానితో తలకిందులైంది. ఆ పద్ధతిలో పనంతా ట్రైనర్లదే, రోజూ ఓర్పుగా వంచడం, చాపడం. 1994లో మన పుల్లెల గోపీచంద్‌కు ఇదే లిగమెంటు తెగింది. 2001లో ఆయన ఆల్ ఇంగ్లండ్ గెలిచాడని తెలిసిన రోజు మా ట్రైనింగ్ రూములో ఆ వార్త అట్టమీద అతికించాను. మోకాలి ఆపరేషన్ అయిన పిల్లలకు అది చూపించి, తొందరపడకండిరా అనేవాణ్ని. వాళ్లకు బ్యాడ్మింటన్ అంటే పెరట్లో ఆడుకునే ఆట.

ఇక పరీక్ష. ఇప్పుడది కంప్యూటర్ ముందు కూర్చుని రాసేది, 2007 నుంచీ అంతే. మా రోజుల్లో మూడు భాగాలు. మొదటిది మామూలు రాత పరీక్ష. రెండోది రాత సిమ్యులేషన్. ఒక కథ ఇస్తారు: ఆటగాడు పడ్డాడు, మెడ పట్టుకున్నాడు, నువ్వేం చేస్తావు? కింద వరసగా పనులుంటాయి. నువ్వు ఎంచుకున్నదాని పక్కన ప్రత్యేకమైన పెన్నుతో రుద్దితే, అప్పటిదాకా కనపడని అక్షరాలు తేలతాయి. 'వేళ్లు కదపలేకపోతున్నాడు' అని తేలిందనుకోండి, కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయ్యేది. రుద్దినదాన్ని చెరపడానికి లేదు. అక్కర్లేనిది రుద్దితే మార్కులు పోయేవి, కావలసింది రుద్దకపోయినా పోయేవి. మైదానంలోనూ అంతే కదా, చేసిన పనిని వెనక్కి తీసుకోలేం. మూడోది ప్రాక్టికల్. ఒక మోడల్ బల్ల మీద కూర్చుంటాడు, ఇద్దరు పరీక్షకులు ఎదురుగా నిలబడతారు. మోకాలికి లాక్‌మన్ పరీక్ష చేసి చూపించు అంటారు, బొటనవేలికి టేపు వెయ్యి అంటారు. ముఖంలో ఏ భావమూ ఉండదు. అవును, కాదు అని గళ్లలో గీతలు పెట్టుకుంటూ పోతారు. ఇవ్వాళ్టి పిల్లల్ని అక్కడ నిలబెట్టాలని నాకు భలే కోరిక.

దానికి బదులు వాళ్లకు ఇప్పుడు సిమ్యులేషన్ ల్యాబులున్నాయి. ఊపిరి తీసే, చెమటపట్టే, కనుపాప పెద్దదయ్యే బొమ్మలున్నాయి. అంతటితో ఆగలేదు. నొప్పిని నటించే మనుషుల్ని డబ్బులిచ్చి పిలుస్తారు. ఫలానా చోట నొక్కితే అరవాలి, ఫలానా ప్రశ్నకు ఫలానా జవాబు చెప్పాలి అని వాళ్లకు ముందే కాగితం ఇస్తారు. మా మనవరాలు ఈ సంగతి మహా గొప్పగా చెప్పింది. మా రోజుల్లో ఫుట్‌బాల్ ఆటగాళ్లు నొప్పి లేనట్టు నటించేవాళ్లు, అదీ పైసా పుచ్చుకోకుండా. ఆ నటన పట్టుకోవడమే మా చదువు.

అన్నీ పాతవే బాగున్నాయంటే అబద్ధమవుతుంది. ఎండ సంగతి ఒకటుంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒకప్పుడు సాధన మధ్యలో నీళ్లు తాగడం పిరికితనం. 1954లో టెక్సస్‌లోని జంక్షన్ అనే ఊళ్లో బేర్ బ్రయంట్ అనే కోచ్ కుర్రాళ్లను ఎండలో నీళ్లివ్వకుండా తోమాడు. సగానికి పైగా పారిపోయారు. మిగిలినవాళ్లను జనం వీరులన్నారు. మన దగ్గర రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు చలివేంద్రం పెట్టి మజ్జిగ పోసే పుణ్యాత్ములుండేవాళ్లని నేను చెబితే ఇక్కడి పాత కోచ్‌లు వింతగా చూసేవాళ్లు. 2001 ఆగస్టు 1న మినెసోటా వైకింగ్స్ ఆటగాడు కోరీ స్ట్రింగర్ వడదెబ్బకు చనిపోయాక గాని దేశం కళ్లు తెరవలేదు. పెద్ద సంస్థలు ఒక్కొక్కటే రూళ్లు పెట్టాయి. రోజుకు రెండు పూటల సాధనను కాలేజీల్లో 2017లో ఆపేశారు. ఇప్పటి పిల్లలకు మొదటి పాఠం: వడదెబ్బ కొట్టినవాణ్ని ముందు ఐసు నీళ్ల తొట్టెలో ముంచు, ఒళ్లు చల్లబడ్డాకే అంబులెన్సు ఎక్కించు. గుదం ద్వారా ఉష్ణోగ్రత కొలవాలి, నోట్లో పెట్టింది నమ్మొద్దు. ఇది మా మనవరాలు నాకంటే గట్టిగా చెప్పగలదు. ఏటా వేసవిలో వడదెబ్బ చావుల వార్తలు చూసే తెలుగునాట ప్రతి వ్యాయామోపాధ్యాయుడికీ ఈ తొట్టె సంగతి నేర్పిస్తే బాగుండును. జేబులో ఉల్లిపాయ వేసుకుంటే సరిపోదు.

తలకు దెబ్బ తగిలితే కూడా అంతే. అప్పట్లో ఎక్కడ చూసినా ముక్కు దగ్గర అమ్మోనియా వాసన చూపించి, ఇవి ఎన్ని వేళ్లని అడిగి, రెండని చెబితే మళ్లీ ఆటలోకి తోసేవాళ్లు. 2006లో వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెడ్ అనే పదమూడేళ్ల పిల్లవాడు అలాగే మళ్లీ ఆడి, మెదడులో రక్తస్రావమై, ఏళ్ల తరబడి మంచానికీ చక్రాల కుర్చీకీ అంకితమయ్యాడు. 2009లో వాడి పేరుతో చట్టం వచ్చింది. తర్వాత అన్ని రాష్ట్రాలూ అలాంటి చట్టాలు చేసుకున్నాయి. అనుమానం ఉన్నా ఆ రోజుకు ఆట లేదు. కోచ్ అరిచినా, తండ్రి గోడ దూకి వచ్చినా లేదు. ఈ అధికారం ట్రైనర్‌కు మా రోజుల్లో లేదు. ఉంటే బాగుండేది.

ఐసు మీద మాత్రం నేను రాజీపడను. 1978లో గేబ్ మిర్కిన్ అనే డాక్టరు విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తిపెట్టడం అని నాలుగు మాటలు చెప్పాడు, ప్రపంచమంతా నేర్చుకుంది. 2014 ప్రాంతంలో ఆయనే, ఐసు వల్ల మానడం ఆలస్యమవుతుందేమో అన్నాడు. ఇప్పుడు ఐసు వద్దు అనే పాఠాలు మొదలయ్యాయి. సరే, వాళ్లనే వచ్చి, రాత్రి పదకొండింటికి ఆట అయిపోయాక, పాదం గుమ్మడికాయంత వాచిన కుర్రాడికి ఆ మాట చెప్పమనండి.

నేను దెబ్బలాడేది చదువు పెరిగినందుకు కాదు. ఎక్కడ పెరిగిందో, ఎవరి జేబులోంచి పెరిగిందో అని. రెండేళ్ల మాస్టర్స్ ఫీజు ఎవరు కడతారు? నాతో చదివినవాళ్లలో సగంమంది రైతుల పిల్లలు, కార్ల ఫ్యాక్టరీ కార్మికుల పిల్లలు. ట్రైనింగ్ రూములో పనిచేస్తే కాలేజీ ఇచ్చే కొద్దిపాటి డబ్బుతో హాస్టలు ఖర్చు వెళ్లదీశారు. నాలుగేళ్లయ్యాక పరీక్ష రాసి, సొంత ఊరి హైస్కూల్లో ఉద్యోగంలో చేరారు. ఇప్పుడు ఆరేళ్ల అప్పుతో బయటికొచ్చినవాడు ఆ ఊరికి ఎందుకు వస్తాడు? పట్నంలో క్లినిక్కులుంటాయి, ఫ్యాక్టరీలుంటాయి, సైన్యం ఉంటుంది. అక్కడికి పోతాడు. కోర్సులు మూసుకున్న కాలేజీలు ఎన్నో. మాస్టర్స్ అంటే గౌరవం వస్తుంది, జీతం పెరుగుతుంది అన్నారు. గౌరవం సంగతేమో గాని, జీతం ఫీజుతో సమానంగా పరుగెత్తడం నేను చూడలేదు.

ఈ వాదం పెట్టుకున్నప్పుడు మా మనవరాలు ఒక్క మాటతో నా నోరు మూయించబోయింది. "తాతయ్యా, మీరు అమ్మ పెళ్లికి కూడా రాలేదట కదా?" అంది. రాలేదు. పెళ్లి శుక్రవారం పెట్టారు. అక్టోబరులో శుక్రవారం రాత్రి హైస్కూల్లో ఫుట్‌బాల్ ఉంటుంది, ట్రైనర్ లేకుండా ఆట పెట్టడానికి మా కోచ్ ఒప్పుకునేవాడు కాదు, నేనూ ఒప్పుకునేవాణ్ని కాదు. మా అక్కయ్య ఆ సంగతి ఇప్పటికీ వడ్డించేటప్పుడు ఎత్తుతుంది. "నేను అలా చెయ్యను" అంది పిల్ల. "మాకు వారానికి ఇన్ని గంటలకు మించి చేయకూడదని చెబుతారు. అలిసిపోయిన ట్రైనర్ తప్పు చేస్తాడని కూడా చదివాం." అది కూడా పాఠంలో పెట్టారన్నమాట. మంచిదే. మరి ఆ శుక్రవారం రాత్రి మైదానంలో ఎవరుంటారు అని అడిగాను. "ఇంకొకరిని పెట్టుకోవాలి" అంది, అదేదో చాలా తేలికైన పని అయినట్టు.

ఈ దేశంలో దాదాపు మూడోవంతు హైస్కూళ్లకు ఒక్క ట్రైనర్ కూడా లేడు. ఇంకొకరిని ఎక్కడి నుంచి తెస్తారు? నేను రిటైరయ్యాక మా పక్క ఊరి బడిలో ఆ ఉద్యోగం ఏడాదిన్నరగా ఖాళీగా ఉంది. దరఖాస్తుల్లేవంటారు, ఉన్నా ఇచ్చే జీతానికి ఎవరూ రారంటారు. బడ్జెట్ సమావేశానికి నేనూ వెళ్లి కూర్చున్నాను. మైదానానికి కొత్త స్కోరు బోర్డు కొనాలని తీర్మానం పెట్టారు, వీడియో కూడా చూపిస్తుందట. పావుగంటలో ఒప్పేసుకున్నారు. ట్రైనర్ సంగతి వచ్చేసరికి తొమ్మిదైంది. వచ్చే నెల చూద్దామని లేచిపోయారు.